డేగను మోసిన చేతులు

రాజుల కాలక్షేపాలు: 9వ భాగం

1248 ఫిబ్రవరి 18. ఉత్తర ఇటలీలోని పార్మా నగరాన్ని రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి ముట్టడించి నెలలు గడిచాయి. నగరం ఇవాళో రేపో లొంగుతుందన్న ధీమాతో ఆయన కోటగోడల ఎదుటే కొత్త ఊరొకటి కట్టించుకున్నాడు. ఇళ్ళు, అంగళ్ళు, చర్చి, చుట్టూ కందకం. గెలవకముందే దానికి ‘విత్తోరియా’ అని, అంటే విజయపురి అని పేరు పెట్టాడు. ఆ రోజు పొద్దున్నే చక్రవర్తి డేగలు పట్టించుకుని వేటకు బయల్దేరాడు. ఆయన అటు వెళ్ళగానే పార్మా జనం, ఆడా మగా, నగర ద్వారాలు తెరుచుకుని విత్తోరియా మీద విరుచుకుపడ్డారు. నెలల తరబడి ఆకలితో మాడినవాళ్ళు. సాయంత్రానికి విజయపురి బూడిదైంది.

ఖజానా పోయింది. రాజముద్ర పోయింది. చక్రవర్తి కిరీటం పార్మాలో ఒక పొట్టివాడి చేతికి చిక్కింది. ‘పొట్టి అడుగులవాడు’ అని ఊరంతా ఎగతాళిగా పిలిచే ఆ మనిషి కిరీటాన్ని చేతబట్టుకుని వీధుల్లో తిరిగిన సంగతిని, పార్మాలోనే పుట్టిన సలింబేనే అనే సన్యాసి తన చరిత్రలో రాసిపెట్టాడు. ఆ దోపిడీలో ఒక పుస్తకం కూడా పోయింది. పదహారు పదిహేడేళ్ళ తర్వాత మిలాన్ వర్తకుడొకడు, గుల్యెల్మో బొతాతియో అనే ఆయన, దాన్ని ఆంజూ ప్రభువు చార్లెస్‌కు సమర్పించుకుంటానని ఉత్తరం రాశాడు. పక్షుల గురించీ కుక్కల గురించీ రాసిన గ్రంథమనీ, రెండు కీర్తనల పుస్తకాలు కలిపినంత ఉంటుందనీ, బంగారు వెండి అలంకారం ఉందనీ, చక్రవర్తి బొమ్మ కూడా ఉందనీ అందులో వర్ణించాడు. ఆ తర్వాత ఆ పుస్తకం ఎవరికీ కనబడలేదు.

గత భాగంలో కస్టీల్ రాజు పదో అల్ఫోన్సో 1283లో పూర్తి చేయించిన ఆటల పుస్తకం చూశాం. చదరంగం బల్ల దగ్గర కూర్చున్న రాజులూ రాణులూ సేవకులూ పాఠకులకు గుర్తుండే ఉంటారు. అల్ఫోన్సో తల్లి బియాట్రిస్ ఈ ఫ్రెడరిక్‌కు స్వయానా పినతండ్రి కూతురు. ఒకే వంశంలో ఇద్దరు రాజులు తమ కాలక్షేపాన్ని శాస్త్రంగా ఎంచి గ్రంథాలకెక్కించారు. అల్ఫోన్సో చేయించింది ఆటలకు సంబంధించిన పని. ఫ్రెడరిక్ పెట్టుకున్నది ప్రాణమున్న జీవితో, అదీ మనిషికి ఎన్నడూ పూర్తిగా వశం కాని జీవితో.

డేగవేట అనగానే మధ్యయుగాల ఐరోపా చిత్రాల్లో ముందుగా కనిపించేది మనిషి ఎడమ చెయ్యి. ఆ చేతికి తోలు తొడుగు. దాని మీద పక్షి. కుడిచెయ్యి గుర్రపు కళ్ళానికో కత్తికో ఖాళీగా ఉంటుంది. ఈ భంగిమకు బాగా పాత సాక్ష్యాల్లో ఒకటి బేయూ పటం. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన కథను ఆ శతాబ్దంలోనే నార బట్ట మీద ఉన్ని దారాలతో కుట్టారు. దాదాపు 70 మీటర్ల పొడవు. కథ మొదట్లోనే ఇంగ్లండు ప్రభువు హెరాల్డ్ గుర్రమెక్కి సముద్ర తీరానికి వెళుతుంటాడు. ముందు వేటకుక్కలు పరుగెడుతుంటాయి, చేతి మీద డేగ. ఓడ ఎక్కడానికి బట్టలు పైకి మడిచి నీళ్ళలోకి దిగినప్పుడు కూడా డేగను వదలడు. ఎదురు తీరంలో గై అనే ప్రభువుకు బందీగా చిక్కాక వాళ్ళిద్దరూ గుర్రాల మీద వెళుతుంటే ఇద్దరి చేతుల మీదా డేగలే. యుద్ధం మొదలైన తర్వాత ఆ పక్షులు ఎక్కడా కనిపించవు. ఇక్కడ డేగ చెప్పేది ఒక్కటే: వీడు కులీనుడు, బందీ అయినా సరే.

ఆ గుర్తుకు అంత బలం ఎలా వచ్చింది? ఖరీదు మొదటి కారణం. ఆ రోజుల్లో డేగలను ఇంట్లో పొదిగించి పెంచడం ఎవరికీ చేతకాలేదు. ప్రతి పక్షినీ అడవి నుంచో కొండ కొమ్ము నుంచో పట్టి తేవలసిందే. గూటిలో పిల్లగా ఉండగా తేవాలి, లేదా వలస పోతుండగా వల వేయాలి. అన్నింటికన్నా పెద్దది, ఐస్‌లాండ్, నార్వే, గ్రీన్‌లాండ్ వంటి ఉత్తరాది చలి ప్రాంతాల్లో దొరికే జిర్‌ఫాల్కన్. అందులోనూ తెల్లనిదైతే అది రాజులు రాజులకు పంపుకునే కానుక. రెండోది తీరిక. డేగకు రోజూ మనిషి కావాలి, ఒక్క పూట వదిలేసినా అడవితనం తిరిగి వస్తుంది. మూడోది నేల. గుర్రాలు పరుగెత్తడానికి మైదానాలూ, వేటపిట్టలు దిగే చెరువులూ ఉండాలి. ఈ మూడూ ఒక్కరి దగ్గర ఉన్నాయంటే ఆ మనిషి ఎవరో ఊహించుకోవచ్చు. అందుకే ఫ్రాన్సు, ఇంగ్లండు ప్రభు కుటుంబాల స్త్రీలు తమ ముద్రల మీద చేతిపై డేగతో ఉన్న బొమ్మ చెక్కించుకునేవారు. క్రైస్తవ గురువులకూ ఈ సరదా ఎంతగా అంటిందంటే, 1215లో రోమ్‌లో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ, మతాధికారులు వేట మానుకోవాలని, వేటకుక్కలనూ వేటపక్షులనూ ఉంచుకోరాదని శాసించవలసి వచ్చింది.

1486లో ఇంగ్లండులో అచ్చయిన సెయింట్ ఆల్బన్స్ పుస్తకంలో ఒక జాబితా ఉంది. చక్రవర్తికి గరుడ పక్షి, రాజుకు జిర్‌ఫాల్కన్, ఎర్ల్‌కు బైరి డేగ, ప్రభువుల స్త్రీలకు చిన్న మెర్లిన్, ఇలా అంతస్తుకొక పక్షి. దీన్ని ఆనాటి చట్టంగా చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆచరణలో ఎవరి తాహతును బట్టి వాళ్ళు పక్షిని ఎగరేశారు. ఆ జాబితా సమాజంలోని మెట్లను పక్షుల పేర్లతో చెప్పుకున్న ఒక ముచ్చట మాత్రమే. కాకపోతే ఒక పక్షిని చూసి మనిషి హోదా పోల్చుకునే అలవాటు ఎంతగా పాతుకుపోయిందో అది చెబుతుంది.

అయితే ఈ బొమ్మలను వరసపెట్టి చూస్తూ పోతే నాకు ఒక లోటు కనిపిస్తుంది. చాలా చిత్రాల్లో డేగ పెళ్ళికూతురి చేతిలో కొబ్బరిబోండంలా, ఉండాలి కాబట్టి ఉంటుంది. దాన్ని పట్టిందెవరు, రాత్రంతా మేలుకుని చేతి మీద మోసిందెవరు, జబ్బు చేస్తే చూసిందెవరు అన్నది ఆ చిత్రాల్లో దొరకదు. ఆ పని చిన్నది కాదు. కొత్తగా పట్టిన డేగ కింది కనురెప్పలకు సన్నని దారం వేసి పైకి లాగి కట్టేవారు. వెలుతురు ఆగిపోతే పక్షి బెదరదు, రెక్కలు కొట్టుకుని విరగ్గొట్టుకోదు. చదువుతుంటేనే మనకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ కాలపు పద్ధతి అది. తర్వాత చీకటి గదిలో, మనుషుల అలికిడి లేని చోట, పగలూ రాత్రీ చేతి మీదే కూర్చోబెట్టుకుని తిప్పాలి. కాళ్ళకు మెత్తని తోలు పట్టీలు, వాటి కొసన తాడు మెలిపడకుండా తిరిగే లోహపు కడియాలు, పక్షి ఎటు పోయినా వినబడేలా కాలికి మువ్వ. ఆకలి మరీ ఎక్కువైతే నీరసపడుతుంది, కడుపు మరీ నిండితే ఎగిరి తిరిగి రాదు. ఆ మధ్య గీతను ప్రతిరోజూ పట్టుకోవాలి. కనురెప్పల దారం కొంచెం కొంచెంగా వదులు చేస్తూ ముందు దీపపు వెలుతురు, తర్వాత పగటి వెలుతురు, తర్వాత గుర్రం, కుక్క, జనం, ఒక్కొక్కటే అలవాటు చేయాలి. వారాలు పట్టే పని. ప్రభువుగారు తోలు తొడుగు వేసుకుని చెయ్యి చాపే నాటికి ఇదంతా పూర్తయి ఉంటుంది.

ఇదంతా రాసి, బొమ్మలు వేయించి, పని చేసే మనుషులను పుటల అంచుల్లోకి తెచ్చినవాడు, మనకు తెలిసినంతలో, విత్తోరియాలో పుస్తకం పోగొట్టుకున్న ఆ చక్రవర్తే.

ఫ్రెడరిక్ 1194లో ఇటలీలోని యేసి పట్టణంలో పుట్టాడు. తండ్రి వైపు తాత జర్మనీ చక్రవర్తి ఎర్రగడ్డం ఫ్రెడరిక్, తల్లి వైపు తాత సిసిలీ రాజు రెండో రోజర్. మూడేళ్ళకే సిసిలీ సింహాసనం, ఇరవై ఐదేళ్ళకు రోమ్‌లో చక్రవర్తి పట్టాభిషేకం. పెరిగింది పలెర్మోలో. అక్కడ లాటిన్, గ్రీకు, అరబ్బీ మూడూ రాజకొలువులో చలామణి అయ్యేవి. ఆయన రాజకీయ జీవితమంతా పోప్‌లతో తగాదా. రెండుసార్లు వెలి, 1245లో లియోన్ మహాసభలో పదవి నుంచి తొలగిస్తూ తీర్మానం. ఆ కథ పుస్తకాలకు పుస్తకాలు నింపింది, దాన్ని ఇక్కడ పక్కన పెడదాం. మనకు కావలసింది 1228–29లో ఆయన తూర్పు దేశానికి చేసిన యాత్ర. వెలి మీద ఉండగానే క్రూసేడుకు వెళ్ళి, ఈజిప్టు సుల్తాను అల్ కామిల్‌తో యుద్ధం లేకుండా సంధి చేసుకుని జెరూసలేం తీసుకున్నాడు. అక్కడ అరబ్బు డేగవేటగాళ్ళ దగ్గర ఒక కొత్త సంగతి చూశాడు. కనురెప్పలు కుట్టే బదులు వాళ్ళు పక్షి తలకు తోలు టోపీ తొడిగేవారు. అది కళ్ళు మూస్తుంది, కావాలన్నప్పుడు క్షణంలో ఊడి వస్తుంది. ఫ్రెడరిక్ ఈ విద్య అరబ్బుల నుంచే నేర్చుకున్నానని, తాను ప్రయత్నించి ఫలితం చూశాకే తన వాళ్ళకు నేర్పానని గ్రంథంలో మర్యాదగా ఒప్పుకున్నాడు. క్రూసేడుకు వెళ్ళిన క్రైస్తవ రాజు ఎదుటి మతంవాళ్ళకు గురుత్వం ఇచ్చిన ఆ మాట నాకు ఆ పుస్తకంలో చాలా విలువైనదిగా తోస్తుంది.

ఆయన అంతటితో ఆగలేదు. వేటపక్షుల జబ్బులూ మందుల మీద మోఅమిన్ పేరుతో ఉన్న అరబ్బీ గ్రంథాన్ని తన కొలువులోని పండితుడు, అంతియోకు వాడైన థియొడోర్ చేత లాటిన్‌లోకి అనువదింపజేశాడు. 1240–41లో ఫాయెంజా నగరాన్ని ముట్టడిస్తూ శిబిరంలో కూర్చుని ఆ అనువాదాన్ని స్వయంగా దిద్దాడు. దాదాపు ముప్పై ఏళ్ళు ఈ పుస్తకం రాయాలన్న కోరిక వాయిదా వేస్తూ వచ్చానని పీఠికలో చెప్పుకున్నాడు. చివరికి తయారైన గ్రంథం పేరును తెలుగులో ‘పక్షులతో వేటాడే కళ’ అనుకోవచ్చు. మొత్తం ఆరు భాగాలు. మొదటిది పక్షులన్నింటి స్వభావం, శరీర నిర్మాణం, వలసలు, ఎగిరే తీరు. రెండోది డేగను మచ్చిక చేయడం. మూడోది ఎరను చూపి వెనక్కి పిలిపించుకోవడం. మిగిలిన మూడూ వేట: జిర్‌ఫాల్కన్‌తో క్రౌంచ పక్షులు, సేకర్ డేగతో కొంగలు, బైరి డేగతో నీటిపిట్టలు.

అరిస్టాటిల్ మాటకు ఎదురుండని రోజుల్లో ఫ్రెడరిక్, ఆ మహానుభావుడు చాలా సంగతులు విని రాశాడని, పక్షులతో వేటాడిన అనుభవం ఆయనకు లేదని నిర్మొహమాటంగా అన్నాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించడమే తన ఉద్దేశమని ప్రకటించుకున్నాడు. ప్రకటనతో సరిపెట్టలేదు. రాబందులు వాసన పట్టి మాంసం దగ్గరికి వస్తాయని నలుగురూ అంటుంటే, కళ్ళు మూసి కట్టిన రాబందుల ముందు మాంసం పెట్టించి చూశాడు. అవి తెలుసుకోలేదు. ఉత్తర సముద్రాల్లో ఓడ కొయ్యలకు అంటుకున్న గవ్వల్లోంచి ఒక జాతి బాతులు పుడతాయని అప్పట్లో గట్టి నమ్మకం. ఫ్రెడరిక్ అక్కడికి మనుషులను పంపి ఆ కొయ్యలు తెప్పించి పరీక్షించాడు. పిట్ట ఆకారం ఏదీ కనిపించలేదు. దూరాన ఎక్కడో గూళ్ళు పెట్టుకునే పక్షులు కాబట్టి, వాటి పుట్టుక చూడనివాళ్ళు ఈ కథ అల్లి ఉంటారని తేల్చాడు. ఈజిప్టులో ఎండ వేడికే గుడ్లు పిల్లలవుతాయని విని అక్కడి నుంచి నిపుణులను రప్పించి, దక్షిణ ఇటలీలోని అపూలియాలో నిప్పుకోడి గుడ్లతో ప్రయత్నం చేయించాడు.

రాజ్యభారంతో అలసినవాళ్ళకు డేగవేట ఊరట ఇస్తుందని ఫ్రెడరిక్ రాశాడు. ఆ పక్కనే మరో మాట చేర్చాడు. సంపద లేనివాళ్ళు, చిన్న కుటుంబాలవాళ్ళు ప్రభువుల కొలువులో ఈ విద్య చూపి బతుకుతెరువు సంపాదించుకోవచ్చని. ఆ రెండో మాట రాజుల పుస్తకాల్లో తరచు దొరికేది కాదు. 1239–40 నాటి ఆయన ఉత్తరాల దస్తరంలో ఒక ముక్క మిగిలింది. అందులో పన్నులు, కోటలు, సైన్యం గురించిన ఆజ్ఞల మధ్య డేగల గురించీ ఆజ్ఞలున్నాయి. ఏ పక్షిని ఎవరికి అప్పగించాలి, ఎవరు ఎక్కడికి తీసుకెళ్ళాలి అన్నవి డేగవేటగాళ్ళ పేర్లతో సహా కనిపిస్తాయి. మనం చరిత్రలో పేరు వినని మనుషులు వాళ్ళు.

మంచి డేగవేటగాడికి ఉండవలసిన లక్షణాలను గ్రంథం రెండో భాగంలో ఆయన ఏకరువు పెడతాడు. మరీ లావు కాకూడదు, మరీ బక్క కాకూడదు. పక్షి ఎటు పోయిందో చూడగల కళ్ళు, దూరపు మువ్వ వినగల చెవులు, దూరానికి వినిపించే గొంతు ఉండాలి. జ్ఞాపకశక్తి ఉండాలి. కోపిష్ఠి కాకూడదు, ఎందుకంటే పక్షి పదే పదే విసిగిస్తుంది. తాగుబోతు పనికిరాడు. నిద్రమొహం వాడు అసలే పనికిరాడు, రాత్రిపూట మువ్వ చప్పుడైతే లేచి చూడాలి కదా. పక్షికి మేత పెట్టేటప్పుడు ప్రతిసారీ ఒకే రాగం పాడాలి, అప్పుడు ఆ రాగం వినబడగానే తిండి గుర్తొచ్చి దగ్గరవుతుంది. బెదిరి రెక్కలు కొట్టుకుంటుంటే, పుక్కిలించి శుభ్రం చేసుకున్న నోటితో నీళ్ళు పట్టి సన్నని తుంపరగా దాని మీద చిమ్మాలి. చేతి మీంచి డేగ ఎగిరిపడి తలకిందులుగా వేలాడితే దాన్ని మళ్ళీ ఎలా నిలబెట్టాలో, ఏ కారణానికి ఏ ఉపాయమో, అధ్యాయాల తరబడి చెబుతాడు. చక్రవర్తి ఇవన్నీ తన చేతులతో చేయకుండా రాయలేడు. పక్కనున్న పనివాళ్ళను ఏళ్ళ తరబడి అడిగి తెలుసుకోకుండానూ రాయలేడు.

ఇక బొమ్మల దగ్గరికి వద్దాం. విత్తోరియాలో పుస్తకం పోయిన దాదాపు మూడేళ్ళకు, 1250 డిసెంబరు 13న, ఫ్రెడరిక్ అపూలియాలో చనిపోయాడు. కొడుకు మాన్‌ఫ్రెడ్ తండ్రి మిగిల్చిన చీటీలూ చిత్తుప్రతులూ వెతికించి, మొదటి రెండు భాగాలకు కొత్త ప్రతి తయారు చేయించాడు. తాను చేర్చిన మాటల దగ్గర ‘రాజు’ అనో ‘రాజు మాన్‌ఫ్రెడ్’ అనో గుర్తు పెట్టించాడు, తండ్రి మాటలతో తన మాటలు కలిసిపోకుండా. ఆ ప్రతి ఇప్పుడు వాటికన్ గ్రంథాలయంలో ఉంది. తోలు కాగితాలు 111. వాటి అంచుల్లో 900కు పైగా పక్షులు. దాదాపు 80 జాతులు గుర్తుపట్టవచ్చని పండితుల లెక్క.

మొదట్లో ఫ్రెడరిక్ సింహాసనం మీద కూర్చుని ఉంటాడు, పక్కన డేగ. మామూలు రాజచిత్రమే. అక్కడి నుంచి పుట తిప్పిన కొద్దీ వేరే లోకం మొదలవుతుంది. వెనక తెరలు లేవు, కోటలు లేవు. రాతకు చుట్టూ, అడుగున, పక్కన, పిట్టలే పిట్టలు. బాతులు నీళ్ళలో ఈదుతుంటాయి, గూడబాతులు నిలబడి ఉంటాయి, క్రౌంచ పక్షులు బారులు తీరి ఎగురుతుంటాయి. రెక్క పైకెత్తినప్పుడు ఈకలు ఎలా విడతాయి, కిందికి దించినప్పుడు ఎలా కలుస్తాయి అన్నది రాతలో చెబుతుంటే పక్కనే బొమ్మ కనబడుతుంది. ఆ కాలంలో పక్షి బొమ్మ అంటే నీతి చెప్పడానికి వేసేది. గూడబాతు తన రొమ్ము చీల్చి పిల్లలకు రక్తం పోస్తుందనీ, అది క్రీస్తు త్యాగానికి గుర్తనీ జంతుకథల పుస్తకాలు బోధించేవి. ఈ పుస్తకంలో గూడబాతు ఉత్త గూడబాతు.

రెండో భాగంలో మనుషులొస్తారు. కిరీటాలు లేని మనుషులు. ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని దిమ్మ మీది డేగకు తాడు కడుతుంటాడు. తాడు ఎలా తిప్పి ముడి వేయాలో బొమ్మ చూసి నేర్చుకోవచ్చు. ఒకడు డేగకు నీళ్ళతొట్టి పెట్టి స్నానం చేయిస్తాడు. ఒకడు నోట్లో నీళ్ళు పట్టి చిమ్ముతుంటాడు. ఒకే మనిషిని రెండు మూడు బొమ్మల్లో, పని ఒక్కో మెట్టులో ఉండగా చూపిస్తారు. ముఖాలు ఒక్కలాగే ఉంటాయి, చేతులు మాత్రం జాగ్రత్తగా గీశారు. వేళ్ళు ఎక్కడ ముడవాలో, వేళ్ళ మధ్య పట్టీ ఎలా ఇరకాలో చిత్రకారుడికి తెలుసు, లేదా తెలిసినవాడు పక్కన నిలబడి చెప్పాడు. ఆ చిత్రకారుల పేర్లు మనకు దక్కలేదు. పోయిన అసలు పుస్తకంలోని బొమ్మలనే వీళ్ళు చాలావరకు అనుసరించి ఉంటారు.

ఈ ప్రతిలో అందరికీ గుర్తుండిపోయే బొమ్మ ఒకటుంది. డేగవేటగాడికి ఈత రావాలని ఫ్రెడరిక్ రాశాడు. డేగ వేటపిట్టను తరుముతూ అవతలి ఒడ్డున దిగితే, దాటడానికి రేవు లేకపోతే, ఈదుకుంటూ వెళ్ళి దాన్ని ఆదుకోవాలి. దానికి చిత్రకారుడు ఇలా గీశాడు: ఒడ్డున విప్పి పెట్టిన బట్టలు, చెరువు మధ్యలో ఒంటి మీద నూలుపోగు లేకుండా చేతులు బార చాపి ఈదుతున్న మనిషి. నన్నడిగితే, ఐరోపా డేగవేట చిత్రాలన్నింటిలోనూ దీన్నే మొదట చూపిస్తాను. ఈ వేటలో ఒళ్ళు ఎవరిదో, చలినీళ్ళు ఎవరికి తగిలేవో ఇంత తేటగా చెప్పిన చిత్రం మరొకటి నేను చూడలేదు. ఆ మనిషిని గ్రంథంలో ఉంచమన్నవాడు చక్రవర్తి. అది ఆయనకు నేను ఇచ్చుకునే గౌరవం. ఆసక్తి ఉన్న పాఠకులు ఇప్పుడు ఈ ప్రతిని పుట పుటా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు.

మాన్‌ఫ్రెడ్‌కు పుస్తకం చూసుకునే తీరిక ఎక్కువ కాలం దక్కలేదు. పోప్ సిసిలీ రాజ్యాన్ని ఆంజూ చార్లెస్‌కు కట్టబెట్టాడు, మిలాన్ వర్తకుడు దోపిడీ పుస్తకం ఇవ్వజూపింది ఈ చార్లెస్‌కే. 1266 ఫిబ్రవరి 26న బెనెవెంతో యుద్ధంలో మాన్‌ఫ్రెడ్ చనిపోయాడు. రెండేళ్ళకు ఫ్రెడరిక్ మనవడు కొన్రాడిన్ తాత రాజ్యం తిరిగి తెచ్చుకుందామని జర్మనీ నుంచి దండెత్తి వచ్చాడు. ఓడి పట్టుబడ్డాడు. 1268 అక్టోబరు 29న నేపుల్స్‌లో చార్లెస్ అతని తల నరికించాడు. కుర్రవాడికి పదహారేళ్ళు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు జ్యూరిక్‌లో జర్మన్ ప్రేమకవుల పాటలన్నీ కలిపి ఒక పెద్ద గ్రంథం రాయించారు. మనెస్సే గ్రంథం అంటారు, నిండు పుట బొమ్మలు 137. దాని మొదటి పుటల్లోనే కొన్రాడిన్ ఉంటాడు, పాటలు కట్టిన రాజుల వరసలో. తల మీద కిరీటం, గుర్రం పరుగు, చేతి నుంచి లేచిన డేగ. వేటకుక్కలు ముందు పరుగెడుతుంటాయి. కుర్రవాణ్ణి చంపేశాక గీసిన బొమ్మ అది. చిత్రకారుడు అతన్ని యుద్ధంలోనూ చూపలేదు, వధ్యస్థలం దగ్గరా చూపలేదు. ఆ వంశానికి తగిన పని చేస్తుండగా చూపించాడు.

మాన్‌ఫ్రెడ్ ప్రతి చేతులు మారుతూ పోయింది. 16వ శతాబ్దంలో న్యూరెంబర్గ్ పండితుడు కమెరారియస్ దగ్గర తేలింది. దాని ఆధారంగానే 1596లో ఔగ్స్‌బర్గ్‌లో మొదటి అచ్చు ప్రతి వచ్చింది. తర్వాత హైడెల్‌బర్గ్ గ్రంథాలయానికి చేరింది. ముప్పై ఏళ్ళ యుద్ధంలో ఆ నగరం ఓడిపోయాక మొత్తం గ్రంథాలయాన్నే బవేరియా ప్రభువు పోప్‌కు కానుకగా పంపాడు. అలా 1623లో, జీవితమంతా పోప్‌లతో పోరాడిన చక్రవర్తి పుస్తకం పోప్ ఇంటికి చేరింది. ఆరు భాగాలూ ఉన్న ప్రతి వేరేది, బొలోన్యా విశ్వవిద్యాలయంలో ఉంది.

ఫ్రెడరిక్ తర్వాత చిత్రకళ అతని దారిన నడిచిందా అంటే, ఎక్కువగా నడవలేదనే చెప్పాలి. 1412–16 మధ్య ఫ్రాన్సులో లింబూర్గ్ సోదరులు ముగ్గురు బెరీ ప్రభువు కోసం వేసిన ప్రార్థనా గ్రంథం ప్రపంచ ప్రసిద్ధం. అందులో ఆగస్టు నెల బొమ్మ డేగవేటే. ఎతాంప్ కోట వెనకాల నిలబడి ఉంటుంది. ముందు ప్రభువులు, స్త్రీలు జంటలుగా గుర్రాల మీద, నీలాలు, ఎరుపులు, బంగారు అంచుల దుస్తుల్లో. ఒకరి చూపైనా డేగల మీద ఉన్నట్టు కనిపించదు, మాటల్లో పడి ఉన్నారు. వాళ్ళకు ముందు కాలినడకన, చేతిలో పొదలు కొట్టే పొడుగాటి కర్రతో డేగలు మోసుకుంటూ నడిచేవాడు ఒకడున్నాడు. వెనక పొలంలో కోతలు కోస్తున్నారు, పక్కన ఏట్లో జనం ఈతలు కొడుతున్నారు. సోదరులు ముగ్గురూ, బెరీ ప్రభువూ అందరూ 1416లోనే పోయారు, పుస్తకం సగంలో ఆగిపోయింది. రంగుల్లో దీనికి సాటి లేదు. కానీ ఈ బొమ్మ చూసి ఎవరూ డేగకు తాడు కట్టడం నేర్చుకోలేరు.

మన దేశం మాటేమిటని పాఠకులు అడుగుతారు. ఫ్రెడరిక్ కన్నా వందేళ్ళ ముందే కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు తన ‘మానసోల్లాసం’లో రాజుల వినోదాల మధ్య శ్యేన వినోదానికి, అంటే డేగవేటకు, ప్రత్యేకంగా చోటిచ్చాడు. డేగల జాతులు, పట్టే పద్ధతి, శిక్షణ, వేట అన్నీ అందులో ఉన్నాయి. ఆయన ఏలిన నేలలో నేటి తెలంగాణ కూడా భాగమే. విజయనగరాన్ని 15వ శతాబ్దం చివర ఏలిన సాళువ నరసింహుడి ఇంటిపేరులో ఉన్నది వేటడేగే. దక్కన్ సుల్తానుల చిత్రాల్లోనూ ఈ పక్షి ఉంది. 1590 ప్రాంతంలో బీజాపూర్ సుల్తాను రెండో ఇబ్రహీం ఆదిల్‌షా గుర్రం మీద డేగతో వెళుతున్న చిత్రం ఒకటి ఇప్పుడు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. ఆ సుల్తాన్ల సంగతి విడిగా చెప్పుకోవాలి.

వచ్చే భాగంలో మొఘల్ కొలువుకు వెళదాం. 1619లో పారశీక చక్రవర్తి షా అబ్బాస్ జహంగీర్‌కు ఒక అపురూపమైన డేగను పంపాడు. దారిలో పిల్లి కరిచింది. దర్బారుకు చేరిన వారంలోపే అది చచ్చిపోయింది. జహంగీర్ దాని ఈకల మీది నల్లని చారలకు ముగ్ధుడై, దాని రూపాన్ని చిత్రించి భద్రపరచమని ఉస్తాద్ మన్సూర్‌ను ఆదేశించాడు. సింహాసనం పక్కన కూర్చునే డేగ కాకుండా, డేగ ఒక్కటే పుటంతా నిండిన చిత్రాలు మన దేశంలో ఎలా పుట్టాయో అక్కడి నుంచి మొదలుపెడదాం.

(సశేషం)